కొత్త మతంలో మొదటి బంతి

సంక్రాంతి నాడు జహీరాబాద్ పల్లెల్లో ఒక జాతర బయల్దేరుతుంది. అందులో దేవుడుండడు. ముస్తాబు చేసిన ఎడ్ల బండ్లుంటాయి, డప్పులుంటాయి, పాటలు పాడుతూ వెంట నడిచే ఆడవాళ్లుంటారు. ఊళ్లోకి బండి వస్తోందంటే జనం ఎదురెళ్తారు. ఉత్సవమూర్తి ఉండాల్సిన చోట మాత్రం గంపలూ మట్టి పాత్రలూ కనిపిస్తాయి. వాటిలో పచ్చజొన్నలు, సద్దలు, కొర్రలు, సామలు, తైదలు, కందులు, అనుములు. పిల్లలు చెయ్యి పెట్టి తీస్తారు. ముసలమ్మలు నాలుగు గింజలు అరచేతిలో పోసుకుని, ఊది, పొట్టు ఎగిరాక కళ్లకు దగ్గరగా పెట్టి చూస్తారు. చూసి పేరు చెబుతారు. ఆ పేరు వాళ్ల మనవరాలికి తెలియదు. అక్కడ కాసేపు మాటలు నడుస్తాయి. బండి పక్క ఊరికి సాగిపోతుంది.

ఇది పాత పంటల జాతర. 1983లో పస్తాపూర్ కేంద్రంగా మొదలైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని ఆడవాళ్లు, ఎక్కువ మంది దళిత రైతులు, దీన్ని నడుపుతారు. ఊరూరా తిరిగి ఫిబ్రవరిలో ముగిస్తారు. పేరులో ‘పాత’ ఉంది గానీ జాతర వయసు పాతికేళ్లకు అటూ ఇటూ. ఈ వైరుధ్యాన్ని గుర్తుంచుకోవాలి, తర్వాత పనికొస్తుంది.

ఇది మతం కాదు. మతమని ఎవరూ అనలేదు, అనబోరు కూడా. కానీ ఏమీ తెలియని మనిషి ఒకడు ఆ బండి వెనకాల నెల రోజులు నడిస్తే తన పుస్తకంలో ఏమని రాసుకుంటాడు? ఊరేగింపు ఉంది. తిథి ఉంది. పాట ఉంది. పూజ్యమైన వస్తువు ఉంది. కలిసి తినడం ఉంది. ‘వీళ్లది విత్తన మతం’ అని రాసుకుంటే అతన్ని తప్పుపట్టడం కష్టం.

కొత్త మతం పుడితే ఎలా ఉంటుందని అడిగితే చాలామంది పైనుంచి మొదలుపెడతారు. ముందు ఒక దేవుడు, తర్వాత ఒక గ్రంథం, ఒక ప్రవక్త, సృష్టి ఎలా జరిగిందో చెప్పే కథ, చచ్చాక ఎక్కడికి పోతామన్న లెక్క. ఇల్లు కట్టడం కలశంతో మొదలుపెట్టినట్టు ఉంటుంది ఈ వరస. ఊహ మీద ఆధారపడాల్సిన పని లేకుండా, ఈ ప్రశ్నకు జవాబు వెతకడానికి జహీరాబాద్ కన్నా మంచి చోటు దొరకదు. హైదరాబాద్ నుంచి ముంబై వెళ్లే జాతీయ రహదారి మీద, తెలుగూ కన్నడమూ మరాఠీ ఉర్దూ ఒకే టీ కొట్టు బెంచీ మీద కూర్చునే ఊరు ఇది. ఇక్కణ్నుంచి ఒక పూటలో వెళ్లి రాగలిగినంత దూరంలో, గడిచిన తొమ్మిది వందల ఏళ్లలో, మనుషులు మతాలను కట్టారు, విప్పారు, మళ్లీ కట్టారు. వాటిలో నిలిచినవి ఏవి, ఎందుకు నిలిచాయి అని చూస్తే, దేవుడు చాలా వెనక బంతిలో కూర్చుని కనిపిస్తాడు. మొదటి బంతిలో మనుషులే ఉంటారు, ఎవరి పక్కన ఎవరు కూర్చోవచ్చో తేల్చుకుంటూ.

రహదారి పట్టుకుని పడమటికి పోతే హుమ్నాబాద్ దాటాక బసవకల్యాణ్. ఒకప్పటి కల్యాణి, చాళుక్యుల రాజధాని. పన్నెండో శతాబ్దంలో కలచురి బిజ్జలుడు ఆ గద్దె ఎక్కాడు. ఆయన కొలువులో బసవన్న భండారి, అంటే ఖజానా చూసేవాడు. ఉద్యోగం డబ్బు లెక్కలది. చేసిన పని మాత్రం లెక్కలన్నీ తారుమారు చేసేది. చాకలి మాచయ్య, పడవ నడిపే చౌడయ్య, చెప్పులు కుట్టే హరళయ్య, మద్దెల వాయించే అల్లమ ప్రభువు, భర్తనూ బట్టనూ వదిలేసి నడిచొచ్చిన అక్కమహాదేవి, వీళ్లంతా ఒకే చోట కూర్చుని వాదించుకున్న సభను అనుభవ మంటపం అంటారు. వాళ్లు మాట్లాడినవి వచనాలయ్యాయి. పద్యం కాదు, సంస్కృతం కాదు, పని మధ్యలో మనిషి మాట్లాడే కన్నడం.

వాళ్ల సిద్ధాంతం గురించి పుస్తకాలు బోలెడు. ఇక్కడ చూడాల్సింది ఒక చిన్న వస్తువు. ఇష్టలింగం. రేగుపండంత ఉంటుంది, నల్లగా, నున్నగా. దాన్ని లింగకాయలో పెట్టి దారంతో మెడలో వేసుకుంటారు. పూజ వేళ తీసి ఎడమ అరచేతిలో పెట్టుకుంటారు, కళ్లకు ఎదురుగా పట్టుకుని రెప్ప వాల్చకుండా చూస్తారు. అంతే పూజ. జహీరాబాద్, నారాయణఖేడ్ వైపు లింగాయతుల ఇళ్లలో ఇది ఇవాళ్టికీ మామూలు దృశ్యం. మనిషి పోతే పడుకోబెట్టరు, కూర్చోబెట్టి సమాధి చేస్తారు, ఆ లింగాన్ని ఆ చేతిలోనే పెట్టి.

ఈ వస్తువు ఎన్ని పనులను ఒక్క దెబ్బకు రద్దు చేసిందో చూడండి. గుడికి వెళ్లే పని లేదు కాబట్టి గుడి గడప దగ్గర ఆపేవాడి పని లేదు. పూజారి చేతుల్లోంచి తీర్థం తీసుకోవాల్సిన పని లేదు. ఆడవాళ్లకు నెలలో కొన్నాళ్లు దూరం అనే లెక్క చెల్లదు, దేవుడు మెడలోనే ఉన్నాడు, ఎక్కడికి పంపిస్తారు? ధర్మశాస్త్రం నిండా రాసినా సాధించలేనిదాన్ని రేగుపండంత రాయి సాధించింది. కొత్త మతాన్ని ఊహించేవాళ్లు ముందుగా ఆలోచించాల్సింది సృష్టి కథ గురించి కాదు, చేతిలో ఇమిడే వస్తువు గురించి.

రెండోది పని. కాయకం అన్నారు. చేతి పనే పూజ, ఆ పని చేసి సంపాదించిందే పెట్టాలి, పెట్టడానికి దాసోహం అని పేరు. మూడోది అన్నిటికన్నా కష్టమైంది: పెళ్లి. సంప్రదాయం చెప్పే కథ ప్రకారం హరళయ్య కొడుక్కీ, బ్రాహ్మణుడిగా పుట్టిన మధువరసు కూతురికీ ఆ సభవాళ్లు, అంటే శరణులు, పెళ్లి చేశారు. కలిసి కూర్చోవడం దాకా బిజ్జలుడు ఊరుకున్నాడు. వాదించుకోవడం దాకా ఊరుకున్నాడు. పెళ్లి దగ్గర ఊరుకోలేదు. ఇద్దరు తండ్రులనూ చంపించాడంటారు. కల్యాణిలో అల్లకల్లోలమైంది. బిజ్జలుడు హత్యకు గురయ్యాడు, బసవన్న కూడలసంగమం వెళ్లిపోయాడు, శరణులు చెట్టుకొకరు పుట్టకొకరు అయ్యారు. మతం సిద్ధాంతాల దగ్గర కాదు, శుభలేఖ దగ్గర పరీక్షకు నిలబడుతుందని చెప్పడానికి ఇంతకన్నా నెత్తుటి సాక్ష్యం అక్కర్లేదు. ఏడు వందల ఏళ్ల తర్వాత బ్రహ్మసమాజం వాళ్లూ సరిగ్గా ఆ గుమ్మం దగ్గరే ఆగారు. 1828లో మొదలైన సమాజానికి ప్రార్థనలు చేసుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేకపోయింది. పెళ్లిళ్లకు మాత్రం 1872 నాటి చట్టం కావాల్సొచ్చింది. ఆ చట్టం కింద పెళ్లాడాలంటే మేం హిందువులం కాదు, ముస్లింలం కాదు, క్రైస్తవులం కాదు అంటూ వరసగా రాసివ్వాల్సి వచ్చేది. ఏ మతమో చెప్పడం కాదు, ఏ మతం కాదో చెప్పడం.

కల్యాణి చెదిరాక ఆ మతం ఎలా బతికింది? ఇక్కడ తెలుగువాళ్లు కాస్త గర్వపడొచ్చు. పదమూడో శతాబ్దంలో పాల్కురికి సోమనాథుడు బసవ పురాణం రాశాడు. చంపూ కాదు, వృత్తాలు కాదు. నలుగురు కూర్చుని పాడుకోగలిగే ద్విపద, జాను తెనుగు. కన్నడదేశంలో పుట్టిన మతానికి తెలుగులో పురాణం వచ్చింది. ఆ తెలుగును ఆధారం చేసుకుని 1369లో భీమకవి కన్నడంలో బసవ పురాణం రాశాడు. సరుకు అటునుంచి వచ్చింది, మూట ఇక్కడ కట్టారు, మళ్లీ అటు వెళ్లింది. జహీరాబాద్ మీదుగా ఇవాళ లారీలు చేసే పనే ఇది.

సోమనాథుడు ఏం కథలు చెప్పాడో చూస్తే కొత్త మతానికి కావాల్సిన నాలుగో దినుసు తెలుస్తుంది. బెజ్జ మహాదేవి కథ అందులో ఒకటి. ఆవిడకు ఒకటే దిగులు: శివుడికి తల్లి లేదే, ఉంటే ఇలా జడలు కట్టి, బూడిద పూసుకుని, విషం మింగి తిరగనిచ్చేదా? అందుకని తనే తల్లి అయింది. లింగానికి నూనె అంటింది, ఒళ్లు నలిచింది, నీళ్లు పోసింది, కాటుక పెట్టింది, పాలు పట్టింది. ఒకనాడు ఆ బిడ్డ గొంతు నొప్పి తెచ్చుకుని పాలు తాగకపోతే తల్లడిల్లింది. ఇందులో వేదాంతం వెతికితే ఉంటుంది, లేకపోలేదు. కానీ కథ విన్న ఆడమనిషికి అది అవసరం లేదు. నూనె అంటడం ఆమెకు తెలుసు. బిడ్డ పాలు తాగకపోతే కడుపులో ఎలా ఉంటుందో తెలుసు. మతం ఆమె చేతుల్లోకి ఆ దారిన వెళ్లింది. బీజాపూర్ వైపు సూఫీలు ఇదే కిటుకు పట్టుకున్నారు. ఆడవాళ్లు తిరగలి తిప్పుతూ పాడుకోవడానికి దక్కనీలో చక్కీనామాలు కట్టారు. పిండి రాలినంత సేపూ దేవుడి పేరు రాలేది.

వంటింటికి చేరని మతం ఏమవుతుందో చెప్పడానికి అక్బర్ ఉన్నాడు. 1582లో దీన్-ఎ-ఇలాహీ పెట్టాడు. హిందుస్తాన్‌లో ఆయనను మించిన బలవంతుడు లేడు, తెలివైనవాళ్లందరూ ఆయన దగ్గరే ఉన్నారు, అన్ని మతాల పెద్దలను పిలిపించి రాత్రింబవళ్లు చర్చలు పెట్టినవాడు. చేరిన పేరున్నవాళ్లు ఇరవై మంది లోపే. హిందువుల్లో బీర్బల్ ఒక్కడు. రాజా మాన్‌సింగ్‌ను అడిగితే ప్రాణమివ్వమంటే ఇస్తాను గానీ ఇది నాకొద్దన్నాడు. దర్బారులో పుట్టింది, దర్బారు దాటలేదు. ఫ్రాన్స్‌లో ఆగస్ట్ కామ్టే ఇంకా పకడ్బందీగా చేశాడు. దేవుణ్ని తీసేసి మానవత్వాన్నే ఆరాధించే మతానికి 1849లో పంచాంగం కూడా రాశాడు. పదమూడు నెలలు, నెలకు ఇరవై ఎనిమిది రోజులు, నెలలకు మోషే, హోమర్, అరిస్టాటిల్ లాంటి పేర్లు. ఏ రోజున ఏ మహనీయుణ్ని తలచుకోవాలో ఖాయం చేశాడు. ఆ రోజున ఏం వండుకోవాలో మాత్రం చెప్పలేదు. ఆ మతంలోంచి జనానికి మిగిలింది బ్రెజిల్ జెండా మీద రెండు మాటలు: క్రమం, ప్రగతి.

దానికి పక్కన మన సంతోషిమాతను నిలబెట్టి చూడాలి. 1975లో ‘జై సంతోషీ మా’ సినిమా వచ్చేదాకా దేశంలో చాలా ఇళ్లకు ఆ తల్లి పేరే తెలియదు. ప్రవక్త లేడు, మఠం లేదు, చర్చలు లేవు. పదహారు శుక్రవారాలు, బెల్లం, సెనగలు, పులుపు ముట్టకపోవడం. ఎంత పేద ఇల్లయినా బెల్లం సెనగలు పెట్టుకోగలదు. పులుపు మానేసిన ఇల్లాలిని పక్కింటామె ఎందుకని అడక్క మానదు. ఆ ఒక్క ప్రశ్నతో వ్రతం ఇంకో ఇంటికి పాకుతుంది. హైదరాబాద్ పొలిమేరలో చిలుకూరు బాలాజీ సంగతీ అంతే. పదకొండు ప్రదక్షిణలు, కోరిక తీరితే నూట ఎనిమిది. హుండీ ఉండదు. చేతిలో లెక్క కార్డు పట్టుకుని పెన్నుతో గడులు కొట్టుకుంటూ తిరిగే కుర్రాళ్లను చూస్తే, ‘వీసా బాలాజీ’ అన్న పేరు ఎందుకొచ్చిందో చెప్పక్కర్లేదు. దేవుడు పాతవాడు. గడుల కార్డు కొత్తది. భక్తి ఆ గడుల్లో ఉంది.

జహీరాబాద్ నుంచి వాయవ్యంగా అరగంట నుంచి ముప్పావుగంట ప్రయాణంలో బీదర్. గురు నానక్ ఇక్కడికి వచ్చాడనీ, ఉప్పునీళ్ల నేల మీద తియ్యటి ఊట పుట్టించాడనీ సిక్కుల నమ్మకం. ఆ ఊట దగ్గరే నానక్ ఝీరా గురుద్వారా. ఇప్పటి కట్టడం 1948 నాటిది. అక్కడ లంగర్‌లో కూర్చుంటే ముందు తల మీద గుడ్డ కప్పుకోమంటారు, తర్వాత నేల మీద చాప చూపిస్తారు. కలెక్టరైనా చాపే. రెండు చేతులూ చాచి రొట్టె అందుకోవాలి, ఒక చెయ్యి చాలదు. పప్పు పోసేవాడు బకెట్ పట్టుకుని నడుస్తూనే ఉంటాడు. ఎవరు నువ్వని అడగడు. జహీరాబాద్ వైపు నుంచి వెళ్లినవాళ్లు, సిక్కుమతంలోని ఒక్క మాటా తెలియనివాళ్లు, ఈ బంతిలో కూర్చుని ఆ మతం గురించి తెలుసుకోవాల్సినదంతా తెలుసుకుని లేస్తారు.

బీదర్‌కు సిక్కు చరిత్రలో ఇంకో పేరుంది, తెలుగు పాఠకులకు అంతగా తెలియనిది. 1699 బైశాఖి నాడు ఆనందపూర్‌లో గురు గోవింద్ సింగ్ కత్తి దూసి తల ఇచ్చేవాడెవడని అడిగినప్పుడు లేచిన ఐదుగురిలో ఒకడు లాహోరు వాడు, ఒకడు హస్తినాపురం వాడు, ఒకడు ద్వారక వాడు, ఒకడు పూరీ జగన్నాథం వాడు, ఐదోవాడు బీదర్ వాడు. పేరు సాహిబ్ చంద్, క్షవరం చేసే కులం. ఆ పూట తర్వాత భాయీ సాహిబ్ సింగ్. ఆ పూట పుట్టిన ఖాల్సా వెంట్రుక ముట్టవద్దంది. అందులో చేరిన మొదటి ఐదుగురిలో ఒకడు మంగలి! వేళాకోళం కాదు ఇది. బతుకుదెరువు ఇచ్చిన కత్తెరను పక్కన పెట్టి వచ్చినవాడి లెక్క వేరు.

ఆ రోజు జరిగిన దాంట్లో అందరూ కత్తి గురించి చెప్పుకుంటారు. చూడాల్సింది గిన్నె. ఇనుప గిన్నెలో నీళ్లు, అందులో పంచదార బతాసాలు, ఖడ్గంతో కలిపిన అమృతం. ఐదుగురూ ఒకే గిన్నెలోంచి తాగారు. ఖత్రీ, జాట్, నీళ్లు మోసేవాడు, అద్దకం పనివాడు, మంగలి. ఎంగిలి అన్న మాట ఆ గిన్నెలో మునిగింది. తర్వాత గురువు ఆ ఐదుగురి ముందు మోకరిల్లి, ఇప్పుడు నాకూ ఇవ్వండి అన్నాడు. మతాలు కట్టినవాళ్లలో తను పెట్టిన దీక్షను తన శిష్యుల చేతుల మీదుగానే తీసుకున్నవాళ్లు అరుదు. 1708లో గోదావరి ఒడ్డున నాందేడ్‌లో ఇక మనిషి గురువు ఉండడు, గ్రంథమే గురువు అన్నాడు. వారసుల తగాదా రాకుండా తలుపు తనే వేసి వెళ్లాడు. పుస్తకం ఇక్కడ ఆఖరున గద్దె ఎక్కింది. చాలా మతాల్లో అంతే.

బసవకల్యాణ్ వెళ్లే దారి మధ్యలో మరో ఊరుంది, హుమ్నాబాద్ పక్కన మాణిక్‌నగర్. పంతొమ్మిదో శతాబ్దంలో మాణిక్ ప్రభువు అక్కడ సకలమత సంప్రదాయం నడిపాడు. అన్ని మతాలూ సరైనవే, దేన్నీ కాదనవద్దు అన్నది దాని సారం. హిందువులు దత్తావతారమన్నారు, ముస్లింలు తమ పీరుగా చూసుకున్నారు. ఇంత మంచి మాట చెప్పిన సంప్రదాయం ఎందుకు మతంగా విస్తరించలేదు? ఈ వ్యాసకర్త అనుమానం ఒకటే: దానికి పోట్లాడడానికి ఎవరూ లేరు. ‘ఇది వద్దు’ అన్నచోట గోడ లేస్తుంది, గోడ ఉంటేనే లోపలా బయటా అన్న మాటలు పుడతాయి. బసవన్న వద్దన్నవి బోలెడు. ఖాల్సా వద్దన్నవి లెక్కపెట్టి ఉన్నాయి. 1935లో యేవలాలో హిందువుగా చావనని ప్రకటించి, ఇరవయ్యొక్క ఏళ్లు చదివి, తూకం వేసి, 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో అంబేడ్కర్ లక్షల మందితో చెప్పించిన ఇరవైరెండు ప్రతిజ్ఞల్లో మొదటి కొన్ని వద్దు అన్నవే. అన్నిటికీ సరే అన్న మతానికి భక్తులు వచ్చి దణ్ణం పెట్టి తమ తమ మతాల్లోకి వెళ్లిపోతారు. మాణిక్‌నగర్ అందుకు బాధపడినట్టు లేదు. అది దాని గొప్పతనం కావచ్చు.

మదనపల్లెలో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి ఇంకో అంచు. ఆయనకు మతం రెడీమేడ్‌గా అమర్చి ఇచ్చారు. దివ్యజ్ఞాన సమాజం వాళ్లు జగద్గురువు వస్తున్నాడని చెప్పి, ఈ పిల్లాడే అని తేల్చి, 1911లో ఆయన అధిపతిగా ఒక సంఘం పెట్టారు. దేశదేశాల్లో సభ్యులు, ఆస్తులు, పత్రికలు. ఎదురుచూసే జనం సిద్ధం. 1929 ఆగస్టు 3న హాలండ్‌లోని ఓమెన్‌లో, శిబిరానికి వచ్చినవాళ్ల ముందే, ఆయన ఆ సంఘాన్ని రద్దు చేశాడు. సత్యానికి దారులు వేయడం కుదరదన్నాడు. ఇక్కడ వస్తువు లేదు, గిన్నె లేదు, బంతి లేదు. మెడలో వేసుకోవడానికి ఆయన ఏమీ ఇవ్వలేదు. మిగిలినవి బడులు.

పెద్ద మతాలు కట్టినవాళ్లలో కొత్తది కనిపెట్టానని చెప్పుకున్నవాడు దాదాపుగా దొరకడు. బసవన్న శివుడి పేరే చెప్పాడు. అంబేడ్కర్ రెండున్నర వేల ఏళ్ల కిందటి బుద్ధుణ్ని పిలిచి, తన కాలానికి తగ్గ ధమ్మాన్ని కట్టాడు. పాత పంటల జాతర తన పేరులోనే ‘పాత’ పెట్టుకుంది. తాతల నాటిది అంటే జనం గుమ్మంలోకి రానిస్తారు, నిన్న నేనే తయారుచేశానంటే చెప్పులు విడవకముందే పంపేస్తారు. మరి నియమం? దాన్ని గుమ్మం దాటాక తిరగేయొచ్చు. మొగలిపువ్వు శివపూజకు పనికిరాదని పురాణం ఖండితంగా చెప్పింది, దొంగసాక్ష్యం చెప్పిన పువ్వు కాబట్టి. జహీరాబాద్ పక్కనే ఝరాసంగంలో శివుడి పేరే కేతకీ సంగమేశ్వరుడు, పూజకు మొగలిపువ్వే ప్రీతి. స్థలపురాణం ఆ శాపాన్ని కాదనకుండానే పువ్వును లోపలికి తెచ్చుకుంది. కొత్త దేవుణ్ని తేవడం కన్నా ఇది తేలిక.

ఇంత చూశాక, సరదాకే అయినా, జహీరాబాద్‌లో ఇవాళ ఒక మతం కట్టాల్సి వస్తే ఎలా ఉంటుందో ఊహించకుండా ఉండలేం. ముడిసరుకు ఇక్కడే ఉంది. వాన పడకపోయినా, నీళ్లు కట్టకపోయినా, చలికాలపు మంచు తడికే నల్లరేగడిలో పండే సెనగ, కుసుమ, అవిసె లాంటి పంటలను ఇక్కడి ఆడవాళ్లు సత్యం పంటలంటారు. ఏ ప్రవక్తకైనా ఇంతకన్నా మంచి పేరు తట్టదు. కాబట్టి పేరు ఖాయం: సత్యం పంటలోళ్లు. చేతిలో ఇమిడే వస్తువు గింజ. కొత్తగా చేరినవాళ్ల ఎడమ అరచేతిలో పిడికెడు పచ్చజొన్నలు పోస్తారు. కాయకం దున్నడం, విత్తడం, చెరగడం. దాసోహం ఇప్పటికే నడుస్తోంది: సంఘం గింజల కొట్టులోంచి విత్తనం తీసుకున్నవాళ్లు పంట ఇంటికొచ్చాక అంతకు మించి కలిపి తిరిగిస్తారు. వడ్డీ గింజల్లోనే. పంచాంగం కూడా ఉంది. చేలు పొట్ట మీదున్న రోజుల్లో, అటు బీదర్ వైపు ఎల్లమావాస్య అని చేసుకునే పండక్కి, సద్ద రొట్టెలూ కలగూర బజ్జీ గంపకెత్తుకుని చేనికే వెళ్లి, నేలకు పెట్టి తాము తింటారు. గర్భిణికి పెట్టినట్టు.

కథలకు కొదవ లేదు. పేరు చెప్పగానే గింజ గుర్తుపట్టే ముసలమ్మలే శరణులు. వచనాలను తాటాకుల మీద రాయక్కర్లేదు. 2008 అక్టోబర్ 15 నుంచి మాచ్‌నూర్‌లో సంఘం రేడియో ఉంది, దళిత మహిళలు నడిపేది. సాయంత్రం పూట వినిపిస్తుంది.

తర్వాత ఏం జరుగుతుందో కూడా బసవకల్యాణ్ చూసొచ్చినవాళ్లకు తెలుసు. మనిషి ఒళ్లే గుడి అన్నవాడికి అక్కడ 108 అడుగుల విగ్రహం నిలబెట్టారు. చర్చ జరిగిన సభకు గుర్తుగా కొత్త అనుభవ మంటపానికి 2021 జనవరిలో 500 కోట్ల అంచనాతో శంకుస్థాపన చేశారు. కులం వద్దన్న మతంలో పెళ్లి సంబంధాలు మళ్లీ లోపలి తెగలను చూసి కుదురుతున్నాయి. 2017 జూలైలో బీదర్‌లో లింగాయతులు భారీ సభ పెట్టి మాది ప్రత్యేక మతమన్నారు. మరుసటి ఏడు మార్చిలో కర్ణాటక ప్రభుత్వం సరేనని కేంద్రానికి సిఫారసు చేసింది, కేంద్రం ఒప్పుకోలేదు. ఎనిమిది వందల ఏళ్లు దాటినా పని ఒక గడి దగ్గర ఆగింది. జనగణనలో ఆరు మతాలకు పేర్లున్నాయి, మిగతావన్నీ ‘ఇతర’. 2011లో ఆ గడిలో 79 లక్షల మంది చేరారు. ఇంగ్లండ్, వేల్స్‌లో 2001 లెక్కల్లో 3 లక్షల 90 వేల మంది తమది ‘జెడై’ మతమని రాశారు, స్టార్ వార్స్ సినిమాల్లోది. వాళ్లలో ఎక్కువ మంది పెన్ను చేతిలో ఉంది కదా అని నవ్వుకుంటూ రాసి ఉంటారు. సత్యం పంటలోళ్లకూ ఒకనాడు ఆ గడి అవసరం పడుతుంది. ఆ వెనకే జొన్న కంకి ఆకారంలో సిమెంటు విగ్రహం, దాని ఎత్తు మీద రెండు ఊళ్ల పోటీ.

అది మూడో తరం బాధ. మొదటి తరానికి ముందు తేల్చుకోవాల్సిన తగాదా వేరే ఉంది, అది ఊహించడం ఇంకా తేలిక. జహీరాబాద్ అంటే చిరుధాన్యాలే కాదు, చెరకు, అల్లం, ఆలుగడ్డ కూడా. బోరు వేసి, మందు కొట్టి, మిల్లుకు తోలే రైతు పరాయివాడు కాదు, చాలా ఇళ్లలో సొంత తమ్ముడే. అక్క మెట్ట చేనులో పది రకాలు కలిపి వేస్తుంది, తమ్ముడు పక్క పొలంలో చెరకు నరికిస్తాడు. ఎల్లమావాస్య నాడు అక్క రొట్టెల గంప దించి బంతి వేసింది. తమ్ముడు గట్టు మీద నిలబడ్డాడు, చేతికింకా మందు వాసన ఉంది. రారా అనాలా, చెయ్యి కడుక్కుని రమ్మనాలా, వచ్చే ఏడు కొర్రలు వేస్తానంటేనే కూర్చోమనాలా అని పెద్దమ్మలు వాదించుకుంటున్నారు. రొట్టెలు చల్లారుతున్నాయి.